లాటిన్ తొలిపాఠము – తెలుగు విభక్తి: చెన్నపట్టణమునుండి యానాము వరకు

క్రీ. శ. 1728లో చెన్నపట్టణమునందు ఒక తెలుగు వ్యాకరణము రచింపబడినది. దాని పేరు 'గ్రమ్మాతికా తెలుగికా'. రచయిత జర్మను దేశీయుడైన బెంజమిన్ షుల్జ్. అందు వివరింపబడిన భాష తెలుగు, వివరించిన భాష లాటిన్. ఈ గ్రంథము రచయిత జీవితకాలమున ముద్రణకు నోచుకొనలేదు. 1984లో మాత్రమే జర్మనీలోని హాలె నగరమున ప్రకటింపబడినది. అనగా రెండువందల యేబదియారు సంవత్సరములు వ్రాతప్రతిగనే యుండిపోయినది.

తెలుగుదేశపు టెల్లలకు వెలుపల, తమిళభూమిలో స్థిరపడిన తెలుగువారి నడుమ పుట్టిన గ్రంథమగుటచే దీనికి ప్రవాసాంధ్ర చరిత్రలో నొక ప్రత్యేక స్థానము కలదు. దాని స్వరూపమును గ్రహింపవలెనన్న, ఆనాటి ఐరోపా విద్యార్థి బాల్యముననే వల్లెవేసిన లాటిన్ నామ విభక్తుల పట్టికను, క్రియారూపముల పట్టికను మొదట తెలిసికొనవలెను. ఆ పట్టికలు తెలుగునకు ఎంతవరకు సరిపడినవి, ఎచ్చట సరిపడలేదు, ఆ సరిపడకపోవుటవలన తెలుగును గూర్చి యేమి తేలినది అనునదే ఇచట విచారణీయాంశము.

చెన్నపట్టణపు తెలుగు

1639లో దామర్ల వేంకటాద్రి నాయకునివలన ఆంగ్లేయులు స్థలమును పొందిన నాటినుండియు చెన్నపట్టణమున తెలుగువారు వర్తకులుగను, దుబాసీలుగను ప్రముఖులై యుండిరి. బేరి తిమ్మన్న, కాశి వీరన్న మున్నగువారి పేర్లు కంపెనీ కాగితములలో నిలిచియున్నవి. షుల్జ్ 1719లో డేనులకు చెందిన తరంగంబాడికి వచ్చి, మొదట తమిళమును అభ్యసించి, 1726లో చెన్నపట్టణము చేరిరి. అచట తెలుగు రానిదే పని సాగదని గ్రహించి ఆ భాషను నేర్చిరి. హాలె నగరమునకు పంపబడిన మిషన్ లేఖలలో తెలుగునకు 'వరుగు' అను పేరు కానవచ్చుచున్నది. ఇది తమిళులు తెలుగువారిని పేర్కొను 'వడుగ' శబ్దమునకు రూపాంతరము. విదేశీయునికి తెలుగు పేరు సైతము తమిళుల నోటిమీదుగనే అందినదనుటకు ఇదియొక నిదర్శనము. 1743లో షుల్జ్ స్వదేశమునకు మరలిరి. 1746, 1747 సంవత్సరములలో వారి తెలుగు మతగ్రంథములు కొన్ని హాలెలో తెలుగు అచ్చులతో ముద్రింపబడినవి. తెలుగు లిపిలో తొలి ముద్రణములుగా ఇవి పేర్కొనబడుచున్నవి.

వ్యాకరణమును లాటిన్ భాషలో వ్రాయుట షుల్జ్ ఒక్కరి పద్ధతి కాదు. జీగెన్‌బాల్గ్ రచించిన తమిళ వ్యాకరణము 1716లో హాలెలో లాటిన్ భాషలోనే అచ్చయినది. బెస్కీ రచించిన వ్యావహారిక తమిళ వ్యాకరణము 1738లో తరంగంబాడిలో అచ్చయినది. అదియును లాటిన్ భాషలోనిదే. ఆ కాలపు ఐరోపాలో విద్యయనిన లాటిన్, వ్యాకరణమనిన లాటిన్ వ్యాకరణము. కావున క్రొత్త భాష యేది యెదురైనను దానిని తాము నేర్చిన పట్టికలో నిమిడ్చి చూచుట వారికి సహజము.

లాటిన్ తొలిపాఠము

లాటిన్ నేర్చుకొనువాడు మొట్టమొదట వల్లెవేయునది నామవాచక రూపములను. 'సేవకుడు' అను నర్థము గల 'సెర్వుస్' శబ్దమును గైకొందము. ఏకవచనమున కర్తకు సెర్వుస్, సంబంధమునకు సెర్వీ, సంప్రదానమునకు సెర్వో, కర్మకు సెర్వుమ్, ఆరవదగు విభక్తికి సెర్వో, సంబోధనమునకు సెర్వె. బహువచనమున వరుసగా సెర్వీ, సెర్వోరుమ్, సెర్వీస్, సెర్వోస్, సెర్వీస్, సెర్వీ. ఇట్లు ఆరు విభక్తులు, రెండు వచనములు, మొత్తము పండ్రెండు గళ్ళు. సంస్కృతమున వేర్వేరుగనున్న తృతీయా పంచమీ సప్తములు లాటిన్‌లో 'అబ్లాతివుస్' అను ఒక్క విభక్తిలో కలిసిపోయినవి. దానినే పైని ఆరవదియని పేర్కొనుట జరిగినది.

గళ్ళు పండ్రెండైనను ఇందు భిన్నరూపములు ఎనిమిదియే. 'సెర్వీ' యనగా 'సేవకుని' అనియు కావచ్చును, 'సేవకులు' అనియు కావచ్చును. 'సెర్వో' సంప్రదానమో, తృతీయార్థమో సందర్భమే తెలుపవలెను. నూతన విద్యార్థి తడబడునది ఇచ్చటనే. పైగా నామములన్నియు ఈ యొక్క మార్గమున నడవవు. షష్ఠ్యేకవచన రూపమును బట్టి లాటిన్ నామములు ఐదు గణములుగా విభజింపబడినవి. అందుచేతనే నిఘంటువులు ప్రథమారూపముతోబాటు షష్ఠీరూపమును గూడ తప్పక యిచ్చును. 'రాజు' అను నర్థమున రేక్స్, రేగిస్. 'రాత్రి' అను నర్థమున నోక్స్, నోక్తిస్. 'పయనము' అను నర్థమున ఇతెర్, ఇతినెరిస్. మొదటి రూపము మాత్రము తెలిసినవానికి మిగిలిన రూపములు తెలియవు. రెండవ రూపము తెలిసినవానికి తక్కినవి చాలవరకు తామే తెలియును.

క్రియలు నాలుగు గణములు. వానిని తుమున్నర్థక రూపమును బట్టి గుర్తింతురు: అమారె, మొనేరె, రెగెరె, ఔదీరె. 'ప్రేమించు' అను క్రియ వర్తమానమున అమో, అమాస్, అమత్, అమాముస్, అమాతిస్, అమంత్ అని ఆరు రూపములను పొందును. నేను, నీవు, వాడు అను కర్తృపదములను వేరుగా చెప్పనక్కరలేదు. క్రియ చివరనే పురుషయు వచనమును తెలియును. ఇక గణములకు లొంగక, మొదటిదినముననే కంఠస్థము చేయవలసిన క్రియ 'ఉండు' అను నర్థము గల సుమ్, ఎస్, ఎస్త్, సుముస్, ఎస్తిస్, సుంత్. ఈ యారు మాటలను జ్ఞాపకమునందుంచుకొనవలెను. వీనితో ముందు పని కలదు.

పట్టిక సరిపడిన తావులు

ఈ పాఠము నేర్చి వచ్చిన ఐరోపీయునకు తెలుగు మొదట పరిచితమైనదానివలెనే తోచును. 'సెర్వుస్ రేగెమ్ విదెత్' అనిన సేవకుడు రాజును చూచుచున్నాడని యర్థము. 'రేక్స్ సెర్వుమ్ విదెత్' అనిన రాజు సేవకుని చూచుచున్నాడని యర్థము. పదముల స్థానము మార్చినను అర్థము చెడదు. కర్తయెవరో, కర్మయేదో పదాంతములే చెప్పును. తెలుగునను 'రాజును సేవకుడు చూచుచున్నాడు' అనిన అర్థమునకు లోపము లేదు. సామాన్యముగా క్రియ వాక్యాంతమున నుండుటయు రెంటికిని సమానమే. చేసితిని, చేసితివి, చేసితిమి, చేసితిరి అను రూపములలో కర్త క్రియలోనే యిమిడియుండుట గూడ అట్టిదే.

ఇంతకంటె విశేషమైన పోలిక మరియొకటి కలదు. మన వైయాకరణులు ఔపవిభక్తికములని పేర్కొనిన శబ్దములు ఇల్లు, ఇంటి, చేయి, చేతి, నోరు, నోటి అను విధమున మారును. 'ఇల్లు' అను రూపము మాత్రము నేర్చినవాడు 'ఇంటికి', 'ఇంటిలో' అనలేడు. రేక్స్, రేగిస్ అని జంటగా నేర్చుకొను అలవాటుగల లాటిన్ విద్యార్థి ఇల్లు, ఇంటి అని జంటగా నేర్చుటకు ముందే సిద్ధపడియుండును.

సంప్రదానము విషయమున లాటిన్ పట్టిక మన సంప్రదాయమునకంటె సూటిగా పనిచేసినదని చెప్పవచ్చును. తెలుగు వైయాకరణులు సంస్కృత మార్గము ననుసరించి కి, కు అను ప్రత్యయములను షష్ఠిలో చేర్చి, చతుర్థికి కొఱకు, కై అనువానిని నిర్దేశించిరి. 1858లో ప్రకటితమైన చిన్నయసూరి బాలవ్యాకరణమునందును క్రమ మిదియే. కాని 'సేవకునికి ధనమిచ్చెను' అను వాక్యమున కి ప్రత్యయము చేయుపని సంప్రదానమే. లాటిన్ నేర్చినవాడు దానిని సందేహింపక 'సెర్వో' ఉన్న గడిలో నుంచును. 'నాకు పుస్తకము కలదు' అనుటకు లాటిన్‌లో 'మిహి ఎస్త్ లిబెర్' అందురు. 'మిహి' యనగా 'నాకు'. 'నాకు నచ్చును' అనుటకు 'మిహి ప్లాకెత్'. మాటకు మాట సరిపోవు నిట్టి వాక్యములు ఐరోపాలోని క్రొత్త భాషలు పలుకువారికంటె లాటిన్ చదివినవారికే సులభముగా బోధపడును.

పట్టిక సరిపడని తావులు

అయినను పండ్రెండు గళ్ళను నింపుచు పోయిన కొలదియు రెండు భాషల నడిమి భేదము బయటపడక మానదు. సేవకునికి, సేవకులకు, సేవకునితో, సేవకులతో అను రూపములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. తెలుగున బహువచనమును తెలుపునది 'ల' వర్ణము. విభక్తిని తెలుపునది దాని తరువాత చేరు ప్రత్యయము. రెండును వేర్వేరు. 'తో' ఏకవచనమున నెట్లో బహువచనమునను అట్లే యుండును. కి, కు అను భేదము సైతము ముందున్న అచ్చును బట్టి యేర్పడినదే కాని వచనమును బట్టి కాదు. లాటిన్‌లో అట్లుగాదు. 'సెర్వోరుమ్' అను రూపమున బహువచనమెంత, షష్ఠి యెంత అని విడదీయుటకు వీలులేదు. సెర్వో అను ఏకవచనమునుండి సెర్వీస్ అను బహువచనమును ఊహించుటకును వీలులేదు. కావున లాటిన్‌కు గళ్ళ పట్టిక అత్యవసరము. తెలుగునకు ప్రాతిపదికయు, దాని ఔపవిభక్తిక రూపమును, ప్రత్యయముల వరుసయు చాలును.

విశేషణముల విషయమున భేదము మరింత స్పష్టము. లాటిన్‌లో 'మంచి' అను మాట పురుషునికి బొనుస్, స్త్రీకి బొన, నపుంసకమునకు బొనుమ్ అని మారి, తరువాత విశేష్యముతోబాటు విభక్తులన్నిటను నడచును. తెలుగున మంచి సేవకుడు, మంచి సేవకులకు, మంచి ఊరిలో అనునప్పుడు 'మంచి' కదలదు. లాటిన్‌లో 'కుమ్' వంటి యుపపదములు సాధారణముగా నామమునకు ముందుండును. తెలుగు 'తో' యెల్లప్పుడును వెనుకనే యుండును. సర్వనామములతో మాత్రము లాటిన్ సైతము 'మేకుమ్' అనును. అనగా 'నాతో'. నూతన విద్యార్థికి అపవాదముగా తోచు ఈ రూపము తెలుగువానికి నియమముగా తోచుట వింతయైన విషయము.

క్రియల విషయమునను ఇట్లే. 'అమత్' అనిన ప్రేమించువాడు పురుషుడో, స్త్రీయో తెలియదు. 'చేయుచున్నాడు', 'చేయుచున్నది' అను రూపములు ఆ సంగతిని తెలుపును. చేయను, చేయవు, చేయడు, చేయము, చేయరు అను వ్యతిరేక క్రియారూపములకు లాటిన్ పట్టికలో గడియే లేదు. అచట 'నోన్' అను నవ్యయమును క్రియకు ముందు చేర్చుటయే కలదు. మనము, మేము అను వానికి లాటిన్‌లో 'నోస్' అను నొక్కటే మాట.

అన్నిటికంటె ముఖ్యమైనది 'సుమ్' క్రియ. 'నేను సేవకుడను' అనుటకు లాటిన్‌లో 'సెర్వుస్ సుమ్' అనవలెను. తెలుగున ఆ వాక్యమునకు క్రియయే లేదు. సేవకుడను, సేవకుడవు, సేవకులము, సేవకులరు అని పురుషప్రత్యయము నామమునకే చేరుచున్నది. లాటిన్ విద్యార్థి మొదటిదినమున వల్లెవేసిన ఆరు మాటలకు ఇచట పని లేకపోయినది.

రెండు ప్రశ్నలు, రెండు సమాధానములు

లాటిన్ నేర్చినవారు తెలుగుదేశమునకు మరియొక మార్గమునను వచ్చిరి. పుదుచ్చేరి కేంద్రముగా ఫ్రెంచి జెస్యూటులు నడపిన కర్ణాటక మిషన్ రాయలసీమవైపు విస్తరించినది. అందు పనిచేసినవారిలో గాస్తోఁ లోరాఁ కూర్దూ ఒకరు. వీరు 1691లో జన్మించి, తెలుగు ప్రాంతమున పెక్కేండ్లు మెలగి, 1779లో పుదుచ్చేరిలో మరణించిరి. తెలుగు, సంస్కృతము, ఫ్రెంచి భాషల నిఘంటువును గూర్చిరి. 1767లో వీరు పారిస్ విద్వత్పరిషత్తునకు ఒక ప్రశ్నను పంపిరి. సంస్కృతమున లాటిన్, గ్రీకు భాషలతో సమానమైన పదములు ఇన్ని యుండుటకు హేతువేమి అనునదియే ఆ ప్రశ్న. వారు చూపిన దృష్టాంతములలో 'సుమ్' క్రియయు నొకటి. అస్మి, అసి, అస్తి, స్మః, స్థ, సన్తి అను సంస్కృతరూపములను సుమ్, ఎస్, ఎస్త్, సుముస్, ఎస్తిస్, సుంత్ అను వాని సరసన నుంచినచో బంధుత్వము సామాన్యునికైనను గోచరించును. ఈ వ్యాసము 1808 వరకు అచ్చుకాకపోవుటచే, 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసంగమునకే ఖ్యాతి దక్కినది.

కూర్దూ ప్రశ్న సంస్కృతమును గూర్చినది. తెలుగును గూర్చిన ప్రశ్నకు సమాధానము మరల చెన్నపట్టణముననే లభించినది. తెలుగు సంస్కృతమునుండి పుట్టినదను మాట ఆనాటి పండితులలోను, ఐరోపీయులలోను ప్రబలముగా నుండెను. 1816లో ఎ. డి. కాంప్‌బెల్ ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ ఒక పరిశీలనమును జోడించిరి. సెంట్ జార్జి కోట కళాశాలలో తెలుగు పండితులైన వేదము పట్టాభిరామశాస్త్రి సమకూర్చిన ధాతువుల పట్టికను ఆధారముగా గొని, తెలుగు తమిళ కన్నడ ధాతువులను సరిపోల్చి, ఈ భాషలు ఒకే కుటుంబమునకు చెందినవనియు, సంస్కృతమునుండి పుట్టినవి కావనియు నిరూపించిరి. నలువది సంవత్సరముల తరువాత, 1856లో, కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించి, బహువచన చిహ్నమునకును విభక్తి ప్రత్యయమునకును గల వేర్పాటును ఆ కుటుంబ లక్షణములలో నొకటిగా చూపిరి. లాటిన్ పట్టికలో తెలుగు ఇమడని తావులే తెలుగు స్వతంత్రతకు సాక్ష్యములైనవని దీనివలన తేలుచున్నది.

అయినను పట్టిక వెంటనే తొలగిపోలేదు. 1873లో ఆర్డెన్ ప్రకటించిన తెలుగు వ్యాకరణమున సైతము నామములు మూడు గణములుగా విభజింపబడినవి. పరభాషీయునకు తెలుగు నేర్పుటలో అది యుపయుక్తమేయైనది. అచ్చులో పోయుటకు అచ్చు కావలెను. పోసినదియు అచ్చును ఒకటి కాదని మరువకుండుటయే వలయును.

యానామునందలి తెలుగు బాలుడు

యానాము చరిత్ర ఈ విషయమునకు మరియొక పార్శ్వమును చూపును. అచట ఫ్రెంచి పాలన పదునెనిమిదవ శతాబ్ది ప్రథమార్ధమున మొదలై, 1954లో వాస్తవముగను, 1962 ఆగస్టు 16న చట్టరీత్యాను ముగిసినది. ఆ కాలమున యానాము బాలుడు పాఠశాలలో నేర్చిన ఫ్రెంచి భాష లాటిన్ పుత్రికయే. కాలక్రమమున ఫ్రెంచిలో నామవిభక్తులు నశించినవి. విభక్తుల పనిని ఉపపదములును, పదక్రమమును చేయుచున్నవి. క్రియారూపముల పట్టిక మాత్రము నిలిచినది. 'పాడుదును' అను నర్థము గల ఫ్రెంచి 'శాంత్‌రే' అను మాటలో 'కంతారె హబెఓ' అను రెండు లాటిన్ మాటలు కరగి కలిసియున్నవి.

'నాకు పుస్తకము కలదు' అను భావమునకు లాటిన్‌లో రెండు మార్గము లుండెడివి. 'మిహి ఎస్త్ లిబెర్' ఒకటి, 'లిబ్రుమ్ హబెఓ' రెండవది. రెండవదానిలో కలిగియుండువాడు కర్త, వస్తువు కర్మ. ఫ్రెంచి ఈ రెండవ మార్గమును గైకొనినది. అందుచేత యానాము బాలుడు తన 'నాకు'ను 'నేను'గా మార్చి, తన భాషలో లేని క్రియనొకదానిని చేర్చి పలుకవలసివచ్చెను. మాతామహియైన లాటిన్‌లో తెలుగునకు సరిపోయిన వాక్యమే కుమార్తెయైన ఫ్రెంచిలో సరిపోకపోయినది. ఇక యానాము, పుదుచ్చేరి, చెన్నపట్టణములందలి తెలుగు కాథలికులు ఆరాధనలో లాటిన్‌నే వినుచుండిరి. 1963 డిసెంబరులో రెండవ వాటికన్ మహాసభ దేశభాషలకు అనుమతి నొసగిన పిమ్మట తెలుగు ఆ స్థానమునకు వచ్చినది. అర్థము తెలియకయే చెవికి సోకిన విభక్త్యంతములు తరతరములుగా వారి జ్ఞాపకమున నుండినవి.

ఇరుగుపొరుగు భాషలు

ఐదు సీమలలో స్థిరపడిన తెలుగువారి భాషాపరిస్థితి అంతయు ఒక్కరీతిగా లేదు. తమిళనాడున 'ఎనక్కు', కర్ణాటకమున 'ననగె' అను మాటలు తెలుగు 'నాకు'తో ఒకే తీరున పనిచేయును. అచట తెలుగువాడు జ్ఞాతుల నడుమ నున్నాడు. షోలాపురమున మరాఠీని, బరంపురమున ఒడియాను వినువాడు సంస్కృత కుటుంబమున, అనగా దూరమున లాటిన్ బంధువుల నడుమ నున్నాడు. లాటిన్‌లో ఏడునకు సెప్తెమ్, ఎనిమిదికి ఓక్తో. సంస్కృతమున సప్త, అష్ట. మరాఠీలో సాత్, ఆఠ్. ఒడియాలో సాత, ఆఠ. ఈ వరుసలో ఏడు, ఎనిమిది అను తెలుగు మాటలు చేరవు. ఆ తెలుగువాడు ఇంట నొక కుటుంబపు భాషను, వీధిలో మరియొక కుటుంబపు భాషను దినమునకు పలుమారులు మార్చి పలుకుచున్నాడు. ఇది సామాన్యమైన నేర్పు కాదు.

ఫలితార్థము

లాటిన్ నేర్చుకొనువాడు పట్టికతో ప్రారంభించుటకు కారణము కలదు. ఆ భాష నేడు ఏ తల్లియొడిలోను నేర్వబడుట లేదు. వినుటకు నోరు లేనప్పుడు గళ్ళే గురువులు. ప్రవాసాంధ్ర బాలుని స్థితి దీనికి విలోమము. వానికి నోరున్నది, పట్టిక లేదు. 'ఇంటికి', 'ఊరిలో', 'చేతితో' అని తప్పులేకుండ పలుకువానికి ఆ మాటలను వ్రాయు లిపి తెలియదు. తమిళనాడున 2006 నాటి చట్టముచే తమిళాభ్యసనము విధియైన పిమ్మట తెలుగు వ్రాత నేర్చు అవకాశము తగ్గినది. తక్కిన సీమలలోను పాఠశాల భాష ఇంటిభాషకంటె వేరుగనే యున్నది.

ఇట్టి బాలునికి తెలుగు నేర్పబూనినవారు పరభాషీయులకై కల్పింపబడిన గళ్ళతోగాని, సంస్కృతముననుసరించిన ఏడు విభక్తుల వల్లెవేతతోగాని ప్రారంభింపనక్కరలేదు. వాడు పలుకుచున్న దానినే వ్రాయించి, ఇల్లు ఇంటి అయినదెట్లో, 'ల' వచ్చిన పిమ్మట 'కు' వచ్చినదెట్లో వానిచేతనే గుర్తింపజేసిన చాలును. తెలుగు వ్యాకరణములోని క్రమము వాని నోటిలో ముందే యున్నది. దానిని చూపుటయే ఉపాధ్యాయుని పని.

చెన్నపట్టణపు తెలుగువారి నోటిమాటలను విని 1728లో ఒక విదేశీయుడు వ్యాకరణము కూర్చెను. ఆ మాటలు పలికినవారి పేర్లు ఆ గ్రంథనామముతో ప్రచారమునకు రాలేదు. కాని తెలుగుదేశమునకు వెలుపల నిలిచిన తెలుగు, వ్యాకరణమునకు ఆధారము కాదగినంత నిండుగా నుండెనని ఆ గ్రంథమే సాక్ష్యమిచ్చుచున్నది. ఆ నిండుదనము తరువాతి తరమునకు వ్రాతలో గూడ దక్కవలెనన్న, నేడు ఆ సీమలలోని ఇండ్లలో పలుకబడుచున్న మాటలు పలకమీదికి రావలసియున్నవి.